గొర్రెల గుంత

ఆమె చనిపోయిందని నాకు ఫోన్ చేసి చెప్పిన మనిషి ఒకప్పుడు ఆమె చేతిలో దెబ్బ తిన్నవాడే. బేరిగైలో పురుగుమందుల అంగడి నడుపుతాడు. ఎడమ కనుబొమ మీద మూడు కుట్ల మచ్చ ఉంది. కౌంటరు మీదున్న సీసా తీసి ఆమె విసిరితే పడిన మచ్చ.

"ఆయమ్మ పోయిందప్పా," అన్నాడు. "పొద్దున్నే గొర్రెల్ని రోడ్డు దాటిస్తా ఉండింది. కోసుగడ్డల బండి వచ్చి గుద్దేసింది. గొర్రె ఒక్కటీ పోలే. ఆయమ్మే పోయింది."

కోసుగడ్డ అంటే అక్కడ క్యాబేజీ. బెంగుళూరు మార్కెట్టుకు తెల్లారేసరికి చేరాలని ఆ బండ్లు ఎట్లా పోతాయో నాకు తెలుసు. ఆయన, "ఈ పొద్దు అంగడి తీయలే," అని ఫోన్ పెట్టేశాడు.

నేను అప్పుడు ఫ్యాక్టరీలో భోజనాల బల్ల దగ్గర ఉన్నాను. గిన్నెలో సాంబారన్నం అట్లాగే మూత పెట్టేసి చేతులు కడుక్కున్నాను. ఆ పూట యంత్రం ముందు నిలబడ్డానే గాని, కళ్ళ ముందు ఆమె తప్ప ఇంకేమీ లేదు.

మాది మదనపల్లె పక్కన పల్లె. ఏడేళ్ళ కిందట హోసూరు వచ్చి, మత్తిగిరిలో పశువుల ఫారం వెనక వీధిలో ఇల్లు అద్దెకు తీసుకున్నాను. అప్పుడు ఒక పురుగుమందుల కంపెనీలో ఫీల్డులో తిరిగే ఉద్యోగం. బైకు వెనక శాంపిళ్ళ పెట్టె, మెడలో కార్డు, సంచిలో రంగురంగుల కాగితాలు. బేరిగై చుట్టుపక్కల పల్లెలన్నీ నావే. టమాటా, క్యాబేజీ, బీన్సు, గులాబీ, దేని ఆకు మీద మచ్చ పడినా ఫోన్ నాకు వచ్చేది. ‘మందు సార్’ అనేవాళ్ళు. ఆ పిలుపు నాకు గౌరవంగానే ఉండేది.

ఆమెను మొదటిసారి చూసింది ఒక టమాటా తోట గట్టు మీద. ఆ తోట ఒక కౌలు రైతుది. ఆరెకరాలు కౌలుకు పట్టి, నేలకు ఒక్క నెల కూడా ఊపిరి తీసుకోనివ్వకుండా పంట మీద పంట పెట్టే మనిషి. నేను ఏది చెబితే అది కొట్టేవాడు. ఆ రోజు కొత్త మందు చూపించడానికి వెళ్ళాను. నీళ్ళ డ్రమ్ములో మందు పోసి, ఎన్ని నీళ్ళకు ఎన్ని మూతలో చెబుతున్నాను. కూలికి వచ్చిన అమ్మాయి ఒకతి మోచేతి దాకా చెయ్యి ముంచి కలుపుతోంది.

గట్టు మీద గొర్రెల మంద ఆగింది. దాని వెనక, చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కున్న మనిషి. యాభై దాటి ఉంటాయి. ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి ఉంది. పొట్టేలు కొమ్ముకు కమ్మ తగులుకుని తెగిందని తర్వాత తెలిసింది. గట్టు దిగి వచ్చి, డ్రమ్ముకు నాలుగడుగుల దూరంలో ఆగి ముక్కు పైకెత్తి గాలి పీల్చింది.

"ఏముందప్పా దాంట్లో?"

"మందమ్మా. కాయ తొలిచే పురుగుకి."

"మందంటే తాగి బతికేది. తాగి చచ్చేదాన్ని మా పక్క ఇసం అంటారు. ఇసం అను."

కౌలు రైతు నవ్వాడు. నేనూ నవ్వాను. "అట్లా అంటే ఎవరు కొంటారమ్మా," అన్నాను.

"నువ్వు అంత దూరాన నిలబడినావు. ఆ బిడ్డ చెయ్యి పెట్టి కలపతా ఉండాది. మంచిదే అయితే నువ్వు కలుపు."

నేను నవ్వుతూనే ఒక అడుగు వెనక్కి వేశాను. రెండో అడుగు పడకముందే నా మణికట్టు ఆమె చేతిలో ఉంది. పొట్టేళ్ళను కాలు పట్టి ఆపే చెయ్యి అది. చొక్కా చేతితో సహా నా చేతిని మోచేతి పైదాకా డ్రమ్ములో ముంచి పట్టుకుంది. గుంజుకున్నాను. మోకాలితో నా నడుము మీద గుద్ది డ్రమ్ముకు అదిమింది. పైకి వినపడేటట్టు ఒకటి నుంచి ముప్పై దాకా లెక్క పెట్టి వదిలింది. ఆమె మందలో గొర్రెలు ముప్పై. ఆమెకు లెక్క అక్కడితో అలవాటు.

"పొద్దున్నించి ఎన్ని డ్రమ్ములు కలిపిందో ఆ బిడ్డ," అని, గొర్రెల్ని అదిలించుకుంటూ పోయింది.

సాయంత్రానికి చెయ్యి మండింది. మర్నాటికి నీటిపొక్కులు లేచాయి. వారం రోజులు తోలు పొరలు పొరలుగా ఊడింది. వేడినూనె పడిందని నా భార్యకు అబద్ధం చెప్పాను. పోలీసులకు చెప్పాలన్నంత కోపం వచ్చింది. కాని మళ్ళీ ఆ తోటకు పోయినప్పుడు ఆ అమ్మాయికి రబ్బరు గ్లవ్వులు ఒక జత తీసుకుపోయాను. పది రోజుల తర్వాత ఏవని అడిగితే, "ఇంట్లో బోకులు తోముకుంటా ఉండాను సార్, రొంబ బాగుండాయి," అంది.

తర్వాత ఆమె దారిలో కనబడితే తప్పించుకుని పోదామని చూసేవాణ్ణి. కుదరలేదు. చెరువు గట్టు మలుపులో చేతికర్ర రోడ్డుకు అడ్డంగా పెట్టి నిలబడేది. నేను బైకు ఆపేవాణ్ణి. దగ్గరికి వచ్చి నా భుజం దగ్గర చొక్కా పట్టి వాసన చూసేది.

"బీన్సు తోటకి పోయినావు. ఎవురిది?"

చెప్పేవాణ్ణి.

"ఎన్ని దినాలు?"

మందు కొట్టిన తోట పక్కకు ఎన్నాళ్ళు గొర్రెల్ని తోలకూడదో అడగడం అది. నాలుగు, వారం, పది, ఏది నిజమో అదే చెప్పేవాణ్ణి. రైతులకు రోజంతా ‘ఏమీ కాదు, ధైర్యంగా కొట్టండి’ అని చెప్పి వచ్చిన నోరు అక్కడ మాత్రం నిజం చెప్పేది. అక్కడ చెప్పకపోతే కర్ర వీపున పడుతుందన్న భయమూ ఉంది, కాదనను.

ఆమె అన్నిటినీ వాసన చూసేది. నీళ్ళు తాగేముందు, ఆకు తుంచి, చివరికి మన్ను కూడా. కౌలు రైతు తోట గట్టున వంగి ఒక గడ్డ తీసి, రెండు బొటనవేళ్ళతో విరిచి నా ముక్కు కింద పెట్టింది ఒకసారి.

"ఏం వాసన వస్తా ఉండాది?"

"ఏమీ రాలేదమ్మా."

"అదే చెప్తా ఉండాను. మన్ను వాసనే లే. ఎర్ర ఒక్కటి కనపడతా ఉండాదా చూడు. దీన్ని చంపేసినారు. చచ్చిందాంట్లో ఎట్ల పండిస్తారప్పా మీరు?"

ఎర్ర అంటే వానపాము. ఆ గడ్డలో నిజంగానే ఏదీ లేదు. ఇటుక ముక్కలాగా విరిగింది. ఆమె దాన్ని కౌలు రైతు మోటారు షెడ్డు రేకుల మీదికి బలంగా విసిరికొట్టి పోయింది. ఆమె కోపం అట్లా దేనిమీదో ఒకదాని మీద పడవలసిందే.

ఆమె మంచి మనిషి అని చెప్పడానికి ఇది రాయడం లేదు. తాగి వచ్చిన మొగుణ్ణి గొర్రెల్ని కట్టే గూటంతో కొడితే ఆయన కోలారు పక్కకు పోయి మళ్ళీ రాలేదు. మందు కొట్టిన తోటలోకి గొర్రెను పోనిచ్చిందని కూతుర్ని చిన్నప్పుడు ఒక్క చెంపదెబ్బ కొట్టింది. "ఆ పక్క చెవి ఈ పొద్దుకీ వినపడదు సార్," అని కూతురే నాతో చెప్పింది. మాట్లాడేటప్పుడు తల కొంచెం పక్కకు తిప్పి వింటుంది ఆ అమ్మాయి.

అంగడాయన సంగతి కూడా అట్లాంటిదే. చంకలో బిడ్డతో వచ్చిన ఒక ఆడమనిషికి ఆయన సీసా ఇస్తూ, "ఇంట్లో పెట్టుకో, ఏమీ కాదు, మందే కదా," అన్నాడు. ఉప్పు కొనడానికి పక్క అంగడికి వచ్చిన ఆమె అది విన్నది. మెట్లెక్కి వచ్చి ఇంకో సీసా తీసుకుని ఆయన ముఖానికి గురిచూసి కొట్టింది. రక్తం కళ్ళలోకి కారుతుంటే ఆయన కౌంటరు కింద కూర్చుండిపోయాడు. నేనే బైకు మీద ఆస్పత్రికి తీసుకుపోయాను. కేసు పెడదామన్నాను. "వద్దులేప్పా," అన్నాడు ఆయన. ఎందుకు వద్దో చెప్పలేదు.

ఒక ఏడాది టమాటా ధర పూర్తిగా పడిపోయింది. ఒక మంగళవారం కౌలు రైతు ఫోన్ చేసి పురుగు జాస్తిగా ఉందంటే ఘాటైన మందు ఒకటి చెప్పాను. కొట్టాడు. బుధవారమే కాయ కోయించాడు. కొట్టిన మర్నాడే కోయకూడదని డబ్బాతో వచ్చే కాగితంలో ఉంటుంది. దాన్ని ఏ రైతూ చదవడు, నేనూ చదివి వినిపించలేదు. మండీకి పోవలసిన బండి రాలేదు. గురువారం పొద్దున ఆ కాయనంతా చెరువు గట్టు కింద కుమ్మరించాడు. నడుమెత్తు కుప్ప.

మంగళవారం సాయంత్రం నేను గట్టు మలుపు మీదుగా రావలసింది. హోసూరులో కంపెనీ మీటింగు ఉందని అడ్డదారిన వెళ్ళిపోయాను. ఆ రోజు నా చొక్కా ఆమె వాసన చూడలేదు.

గురువారం పది గంటలకు కౌలు రైతు ఫోన్. "సార్, గొర్రెలు పడిపోతా ఉండాయి. విరుగుడు ఏముందో చెప్పు. నా పేరు మాత్రం బయటికి రాకూడదు."

నేను పోయేసరికి గొర్రెలు కుప్ప చుట్టూ పడి ఉన్నాయి. ఆమె కుంటి గొర్రెను నడిపించుకుంటూ వెనకబడిందట. ఆమె వచ్చేలోపలే మంద కుప్ప మీద పడింది. నోళ్ళ నుంచి నురగ, ఆ నురగలో టమాటా గింజలు. కాళ్ళు నేలను కొడుతున్నాయి. అరుపులు లేవు. గిట్టలు గట్టి నేల మీద టకటకమని కొట్టుకునే చప్పుడు ఒక్కటే. ఆమె ఒకదాని నోట్లో చెయ్యి పెట్టి నురగ తీసి, ఇంకొకదాని దగ్గరికి పరుగెత్తుతోంది.

పశువుల డాక్టరు అప్పటికే వచ్చి ఉంది. చిన్న వయసు. పెట్టె తెరుచుకుని మోకాళ్ళ మీద కూర్చుని ఉంది.

"దీని మీద ఏం కొట్టినారు? పేరు చెప్పండి. పేరు తెలిస్తేనే సూది వేసేదానికి అవుతుంది. తప్పు సూది వేస్తే బతికేవి గూడా పోతాయి," అంది.

కౌలు రైతు నేల చూపులు చూశాడు. "నాకు పేరు తెల్దమ్మా. డబ్బా పారేసినాను."

నా జేబులో ఫోన్ మోగింది. మా మేనేజరు. కౌలు రైతు ఆయనకూ చేశాడని తర్వాత తెలిసింది. "మన మందు పేరు నీ నోట్లోంచి వచ్చిందంటే నీ ఉద్యోగం ఈ రోజుతో సరి. అక్కణ్ణించి వచ్చెయ్," అన్నాడు.

నేను వెళ్ళిపోలేదు. నోరూ తెరవలేదు. అట్లా ఎంతసేపు నిలబడ్డానని తర్వాత ఎన్నోసార్లు లెక్క వేసుకున్నాను. పావుగంట. డాక్టరు మళ్ళీ అడిగింది, మళ్ళీ అడిగింది. ఇంటి అద్దె గుర్తొచ్చింది, కడుపుతో ఉన్న భార్య గుర్తొచ్చింది. నా కాలి దగ్గర ఒక గొర్రె మెడ వెనక్కి విరుచుకుని విల్లులాగా బిగుసుకుపోయింది. దాని కన్ను నా వైపే ఉంది. ఒకదాని తర్వాత ఒకటి గిట్టల చప్పుళ్ళు ఆగిపోతుంటే ఆ చోటు నెమ్మదవుతూ వచ్చింది. ఆమె నన్ను ఒక్క మాటా అడగలేదు. ఒక్కసారి మాత్రం తలెత్తి నా నోటి వైపు చూసింది.

అప్పుడు చెప్పాను. మందు పేరు, ఎంత కలిపారో, ఎప్పుడు కొట్టారో అంతా.

డాక్టరు నా వైపు చూడకుండానే సూదిలోకి మందు ఎక్కించింది. "ఇది ముందే చెప్పింటే," అని ఆపేసింది.

ముప్పైలో తొమ్మిది లేచి నిలబడ్డాయి. పద్నాలుగు అప్పటికే పోయాయి. మిగతా ఏడు ఇంకా కొట్టుకుంటున్నాయి. "వీటికి ఏమీ చేసేదానికి లేదమ్మా. సాయంత్రం దాకా ఇట్లే ఉంటాయి," అంది డాక్టరు. ఇంకో ఊరి నుంచి ఫోన్ వస్తే లేచి వెళ్ళిపోయింది.

ఆమె చొక్కా చేతులు పైకి మడుచుకుంది. నడుముకు ఉన్న మచ్చుకత్తి తీసింది. కొమ్మలు కొట్టి గొర్రెలకు వేసే కత్తి. ఒక గొర్రె తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని, ఎడమ చేత్తో దాని కళ్ళు మూసి, గొంతు కోసింది. దాన్ని పక్కకు జరిపి ఇంకొకటి. ఏడింటికీ అంతే. తొందర లేదు, తడబాటు లేదు. చివరిది అయ్యేసరికి ఆమె చీర కుచ్చెళ్ళు తడిసి కాళ్ళకు అతుక్కుపోయాయి. ఈగలు వచ్చేశాయి.

ఎవరు చెప్పారో గాని, అరగంటలో ఒక గూడ్సు ఆటో వచ్చింది. ముగ్గురు దిగారు. పెద్దవాడు చాలా మర్యాదగా మాట్లాడాడు.

"కష్టం వచ్చిందిలే అక్కా. సుమ్మనే పూడ్చేది ఎందుకు, మేము తీసుకుపోతాము. కోసినవే కదా. చచ్చినవి కాదు కదా."

ఆమెకు ఆ మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. బాధ తప్పించాలని తాను కోసిన కోత, వాటిని మాంసంగా మార్చేసింది.

"యాడికి పోతాది ఇది?" అంది.

"హోటళ్ళకి."

"ఇసం తిని పడినాయి ఇవి."

"మాకు తెలుసులే అక్కా. మసాలా వేసి ఉడకబెడితే ఏమీ ఉండదు."

అంత మామూలుగా చెప్పాడు. రెండోవాడు అప్పటికే వంగి ఒక గొర్రె వెనక కాళ్ళు పట్టుకున్నాడు. ఆమె చెయ్యి లేచింది నేను చూశాను, దిగింది చూడలేదు. వాడి రెండు వేళ్ళు తెగి టమాటాల్లో పడ్డాయి. వాడు అరవలేదు. చేతి వైపు చూసుకుంటూ మెల్లగా కూర్చున్నాడు. మూడోవాడు ఆటోలోంచి ఇనుపరాడ్డు తెచ్చి ఆమె కుడి భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆమె ఒరిగింది గాని పడలేదు. కత్తి ఎడమ చేతిలోకి మార్చుకుని వాణ్ణి చూస్తూ నిలబడింది.

రాడ్డు మళ్ళీ లేచినప్పుడు నేను కదిలాను. వెనక నుంచి వాడి నడుము పట్టుకున్నాను. ఇద్దరం కుప్పలో పడ్డాం. వాడి మోచెయ్యి తగిలి నా పన్ను ఒకటి ఊడింది. పెద్దవాడు టమాటాల్లో చేతులు పెట్టి వేళ్ళు వెతుకుతున్నాడు. ఏది కాయో ఏది వేలో తెలియక చాలాసేపు వెతికాడు. దొరికాక తువ్వాల్లో చుట్టుకుని, దెబ్బ తిన్నవాణ్ణి ఆటోలో వేసుకున్నారు. "మనుషుల్ని తీసుకుని వస్తాం. ఈడనే ఉండండి," అని పోయారు.

"గుంత తవ్వించప్పా," అంది ఆమె నాతో.

పక్క ఊళ్ళో లేఅవుటు చదును చేస్తున్న జేసీబీని పిలిపించాను. అది వచ్చేదాకా ఆమె చచ్చిన గొర్రెల మధ్య కూర్చునే ఉంది. కుడి చెయ్యి వేలాడుతోంది. ముఖం బూడిద రంగుకు తిరిగింది. ఆస్పత్రికి పోదామంటే కత్తి చూపించింది. గుంత తవ్వాక జేసీబీ వాణ్ణి డీజిలు అడగమంది.

"వాళ్ళు మళ్ళీ వచ్చి తవ్వుకుంటారు. తోలు మీద పోస్తే కడుక్కుంటారు. కడుపులు కోసి లోపలికి పొయ్యి," అంది.

కత్తి నాకిచ్చింది. నేను అంతకుముందు కోడిని కూడా కోసినవాణ్ణి కాదు. ఇరవై ఒక్క గొర్రెల కడుపులు కోశాను. లోపలంతా టమాటాలే, చాలావరకు నమలనివే. ఒక్కోదానిలో డీజిలు పోశాను. ఆమె కూర్చున్నచోటు నుంచే, "దాన్ని సరిగా కొయ్యలే," "ఇంకా లోపలికి," అని చెబుతూ ఉంది. గొర్రెలన్నీ పడ్డాక టమాటా కుప్పను కూడా జేసీబీతో గుంతలోకి తోయించింది. మన్ను కప్పి, జేసీబీ దాని మీద నాలుగుసార్లు తిరిగాక లేచింది. అప్పటికి పోలీసు జీపు వచ్చి ఉంది.

పోలీసు స్టేషన్లో జరిగిందంతా రాసిచ్చాను. ఆ మందు కొట్టించింది నేనే అని కూడా రాశాను. వారం లోపల ఉద్యోగం పోయింది. ఇప్పుడు చేస్తున్నది ఫ్యాక్టరీలో ప్యాకింగు పని. ఆమెను రెండు నెలలు జైల్లో పెట్టారు. జామీనుకు సంతకం పెట్టడానికి ఎవరూ రాలేదు. కూతురు ఇల్లిల్లూ తిరిగింది. చివరికి పెట్టింది అంగడాయన. కోర్టు బయట ఆయన్ను చూసి ఆమె, "కన్ను బాగుండాదా?" అని అడిగిందట. అంతే మాట. వేళ్ళు పోయినవాడు సాక్ష్యానికి రాలేదు. వస్తే ఆ మాంసం ఎక్కడికి పోతుందో కోర్టుకు చెప్పాలి కదా.

ఆమె బయటికి వచ్చిన కొన్నాళ్ళకు కూతురితో నన్ను రమ్మని కబురు పెట్టింది. ఒక ఆదివారం పొద్దున వెళ్ళాను. ఇంటి ముందు అలికిన కళ్ళంలో ఎడమ చేత్తో రాగి ఎన్నుల్ని కర్రతో కొడుతోంది. కుడి భుజం కిందికి జారి, వంకరగా అతుక్కుంది. తొమ్మిది గొర్రెలు పక్కన కట్టేసి ఉన్నాయి. కొట్టడానికే పిలిచిందనుకున్నాను. కొడితే తిందామనే వెళ్ళాను.

"అమ్మా, ఆ రోజు పావుగంట నోరు మూసుకున్నాను," అన్నాను.

"చూసినాను. నీ నోరే చూస్తా ఉండినాను."

"నేను ముందే చెప్పుంటే ఇంకో పదైనా బతికేవి."

ఆమె కర్ర ఆపలేదు. కొడుతూనే చెప్పింది. ఎన్నుల నుంచి గింజలు చిమ్ముతున్నాయి.

"పద్నాలుగేండ్లు అయింది. కుక్కలు పడి నా పిల్లల్ని తింటా ఉండినాయి. ఒక వారంలో అయిదు గొర్రెపిల్లలు. నేను కన్ను పగలగొట్టినానే, ఆయప్ప అంగట్లోనే సీసా తెచ్చినాను. చచ్చిన గొర్రె ఒకటి ఉండింది. దాన్ని కోసి, లోపలంతా పూసి, గట్టు మీద పొదల్లో పెట్టినాను. తెల్లారి పోయి చూస్తే తలకాయా తోలూ ఉండాయి. తోలు కత్తితో ఒలిచుండారు. కుక్క ఒలస్తుందాప్పా?"

ఆమె కాలితో ఇంకొన్ని ఎన్నుల్ని కర్ర కిందికి తోసుకుంది.

"నెత్తురు బొట్లు పట్టుకొని పోయినాను. రాళ్ళ క్వారీ కాడికి పోయినాయి. యాడనుంచో వచ్చి రాళ్ళు కొడతా ఉండే జనాలు. షెడ్డు ముందర ఒక ఆడమనిషి పడుండాది. ఇట్లే నురగ. ఇట్లే కాళ్ళు కొట్టుకుంటా ఉండాది. అందరి కంటే ముందు ఆయమ్మే తినిందంట, ఉప్పు చూసేదానికి. వాళ్ళ మాట నాకు తెల్దు. మేస్త్రీ అడిగినాడు, ఏం తినింది, ఏం తినింది అని. నాకు తెలుసు. ఆయమ్మ కాళ్ళు పట్టుకొని ట్రాక్టరు ఎక్కించినాను. ఈ చేతుల్తోనే. నోరు మాత్రం తెరవలే. చెప్పింటే ఆస్పత్రిలో సూది వేసిందురు. దావలోనే పోయింది."

కర్ర పడుతూనే ఉంది. గింజలు రాలిపోయిన ఎన్నుల మీద కూడా పడుతోంది.

"నువ్వు పావుగంటకు చెప్పినావు," అంది. "నేను పద్నాలుగేండ్లకు చెప్తా ఉండాను. అదీ నీ ఒక్కడికే."

నేను, "నన్నేం చేయమంటావమ్మా?" అని అడిగాను.

"ఆయమ్మ ఎవురో కనుక్కోప్పా. ఊరు ఏదో, పిల్లలుండారో లేదో. నాకు సదువు రాదు, ఆ జనాల మాట రాదు. పోయి వాళ్ళ కాళ్ళ మీద పడతాను. చంపితే చంపనీ."

రెండు ఆదివారాలు తిరిగాను. క్వారీ ఎప్పుడో మూతపడింది. గుంత నిండా పచ్చటి నీళ్ళు. అప్పటి మేస్త్రీ సామల్పట్టిలో ఉన్నాడని తెలిసి బైకు మీద పోయాను. రైలు స్టేషను ఎదురుగా టీ అంగడి పెట్టుకుని ఉన్నాడు. ఆ రోజు ఆయనకు గుర్తుంది.

"ఒడిశానో బీహారో సార్. కూలి మొగుడి చేతికిస్తాము, ఆడోళ్ళ పేర్లు రాసేది లేదు. ఆ మొగుడు గూడా మర్నాడే పోయినాడు. కృష్ణగిరిలోనే కాల్చేసినారు ఆయమ్మను."

"ఆయన పేరైనా తెలుసా?"

"ఎవురికి గుర్తుంటాదప్పా," అని గ్లాసులు కడగడంలో పడ్డాడు.

మళ్ళీ వెళ్ళినప్పుడు ఆమె గడప మీద కూర్చుని తాడు పేనుతోంది. మేస్త్రీ చెప్పిందంతా చెప్పాను. తాడు ఆగింది.

"పేరు గూడా లేదా?"

"లేదమ్మా. ఎక్కడా రాసుకోలేదు."

ఆమె తాడు పక్కన పెట్టి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. ఆ చేతులు ఏ పనీ చేయకుండా ఉండడం నేను అప్పుడే చూశాను. లోపల కూతురు సంగటి కెలుకుతున్న చప్పుడు. అది దించి, ముద్దలు చేసి, తినడానికి రమ్మని పిలిచింది.

"అట్లయితే నా పేరు గూడా యాడా చెప్పొద్దప్పా," అంది ఆమె లేస్తూ.

చెప్పనన్నాను.